గడ్డం ఉన్న స్పాక్ చెడ్డవాడు కాదు

పోయిన వేసవి సెలవుల్లో ఒక ఆదివారం మా ఇంట్లో ఏడుగురం కూర్చొని ఒక పాత అమెరికా టీవీ కథ చూసినాము. కథ యాభై నిమిషాలు. దాని మీద కొట్లాట మాత్రం ఇంకా తెగలేదు. ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయినాను. ఎదుట ఉన్నవాళ్ళు నాకన్నా పెద్దవాళ్ళు, పైగా కోపం వస్తే నాకు మాట తడబడుతుంది. అందుకే పత్రికకు వ్యాసం కావాలని తెలుగు సార్ అడిగితే "పర్యావరణ పరిరక్షణ" రాస్తానని పేరిచ్చి, ఇది రాస్తున్నాను. సార్ మన్నించాలి. చెట్ల గురించి వచ్చే ఏడు రాస్తాను.

మేము చూసింది స్టార్ ట్రెక్. 1966లో అమెరికాలో మొదలైన సీరియల్ అది. అందులో "మిర్రర్, మిర్రర్" అనే భాగం 1967 అక్టోబరు 6న వచ్చింది. రాసినాయన పేరు జెరోమ్ బిక్స్‌బీ. బెంగళూరులో పనిచేసే మా బాబాయి ల్యాప్‌టాప్ తెచ్చి టీవీకి తగిలించినాడు. నాయన, అమ్మ, తమ్ముడు, నేను, అవ్వ, విజయవాడ నుంచి వచ్చిన మా బావ. మా పెద్దత్తను అక్కడికి ఇచ్చినారు, ఆమె కొడుకే బావ, ఇంజనీరింగు చదువుతున్నాడు. అందరి మధ్యలో ఒక పెద్ద పళ్ళెం నిండా బొరుగులు, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు. ఈ బొరుగులను గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

కథ తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కెప్టెన్ కిర్క్, డాక్టర్ మెకాయ్, ఇంజనీరు స్కాటీ, ఊహూరా అనే ఆఫీసరమ్మ నలుగురూ హాల్కన్లు అనేవాళ్ళు ఉండే గ్రహానికి పోయి ఒక ఖనిజం అడుగుతారు. హాల్కన్లు ఇవ్వము అంటారు. దానితో ఒక్క ప్రాణం పోయినా మాకు ఒప్పు కాదు అంటారు. కిర్క్ బలవంతం చేయడు, వెనక్కి బయలుదేరతాడు. వాళ్ళకు ట్రాన్స్‌పోర్టర్ అని ఒక యంత్రం ఉంది, మనిషిని ఒక చోట మాయం చేసి ఇంకో చోట తేల్చేస్తుంది. ఆకాశంలో తుఫాను వల్ల అది తికమకపడి ఈ నలుగురినీ తమ ఓడలో కాక ఇంకో లోకంలోని అదే ఓడలో తేల్చేస్తుంది. ఓడ పేరు అదే ఎంటర్‌ప్రైజ్, మొహాలూ అవే. కానీ అందరి నడుముకూ కత్తులు. అక్కడ పై ఆఫీసరును చంపినవాడికే ప్రమోషన్. తప్పు చేసినవాడికి మేకు కొట్టినట్టు నొప్పి పుట్టించే ఒక చిన్న పరికరం ఉంది, దాన్ని ఎవరిది వాళ్ళే నడుముకు కట్టుకొని తిరగాలి. హాల్కన్లు ఖనిజం ఇవ్వకపోతే వాళ్ళ ఊళ్ళన్నీ కాల్చేయమని పైనుంచి ఆజ్ఞ.

ఆ ఓడలో స్పాక్ కూడా ఉంటాడు. స్పాక్ తెలియనివాళ్ళు ఉండరు అనుకుంటాను: కొనతేలిన చెవులు, నవ్వని మొహం, అంతా తర్కం. ఈ లోకంలో ఆయనకు చిన్న గడ్డం ఉంది. అంతే తేడా.

ఆ గడ్డం కనబడగానే మా ఇంట్లో అందరూ ఫక్కున నవ్వినారు. తమ్ముడు "విలన్ వచ్చినాడో!" అని అరిచినాడు. బావ అయితే ఈల వేసినాడు. మా ఇంటిని అనుకొని ఏం లాభం, దీన్ని చూసి లోకమంతా ఇట్లాగే నవ్వింది. ఆ తర్వాత అమెరికా టీవీలో ఎవడికైనా చెడ్డ కవల ఉన్నాడని చూపాలంటే మొహానికి గడ్డం అంటించడం ఒక జోకు అయిపోయింది. 2011లో "కమ్యూనిటీ" అనే హాస్య సీరియల్‌లో కొందరు స్నేహితులు నల్లగుడ్డతో గడ్డాలు కత్తిరించి అంటించుకొని ఇక మేము చెడ్డవాళ్ళము అనుకుంటారు. అందరికీ అర్థమయ్యే జోకు. దశాబ్దాలుగా నడుస్తున్న జోకు.

నేను అడిగేది ఒకటే. ఈ నవ్వినవాళ్ళు కథ చివరిదాకా చూసినారా?

గడ్డం స్పాక్ ఏం చేస్తాడో చూడండి. కిర్క్‌ను చంపమని ఆయనకు రహస్యంగా ఆజ్ఞ వస్తుంది. చంపితే ఓడ ఆయనదే. ఆయన పోయి కిర్క్‌కే ఆ మాట చెప్పి జాగ్రత్త పడమంటాడు. నాకు కెప్టెన్ పదవి అక్కరలేదు అంటాడు. కొట్లాటలో ఆయన దెబ్బ తిని పడిపోతే, పారిపోవాల్సిన డాక్టర్ మెకాయ్ ఆగి ఆయనకు వైద్యం చేస్తాడు. లేచిన స్పాక్ మెకాయ్ మనసు చదివి వీళ్ళు ఎవరో తెలుసుకుంటాడు. అప్పుడైనా పట్టించవచ్చు. పట్టించడు, తానే యంత్రం దగ్గర నిలబడి నలుగురినీ వాళ్ళ ఇంటికి పంపిస్తాడు. పోయే ముందు కిర్క్ ఆయనతో వాదిస్తాడు. ఈ సామ్రాజ్యం ఎన్నేళ్ళు నిలుస్తుంది అని అడుగుతాడు. సుమారు 240 ఏళ్ళు అని స్పాక్ లెక్క చెప్తాడు. ఎట్లాగూ కూలేదాని కోసం ఇన్ని ప్రాణాలు ఖర్చు చేయడం తర్కమా అంటాడు కిర్క్. స్పాక్ ఆలోచిస్తాను అంటాడు. ఆ ఓడ నిండా కత్తులు కట్టుకున్నవాళ్ళే, అందులో ఎదుటివాడి మాట విని ఆలోచిస్తాను అన్న ఆఫీసరు ఈయన ఒక్కడే.

అంటే లోకమంతా ఎవరినైతే చెడ్డతనానికి గుర్తుగా పెట్టుకుందో, కథలో మారడానికి సిద్ధపడినవాడు సరిగ్గా ఆయనే! నిజంగా చెడ్డవాళ్ళు కావాలంటే ఉన్నారు. కిర్క్‌ను చంపబోయిన చెకోవ్ ఉన్నాడు, గడ్డం లేదు, బుగ్గలు పసిపిల్లవాడి బుగ్గలు. చూసినవాళ్ళు గుర్తు పెట్టుకున్నది మనిషిని కాదు, మొహం మీద నాలుగు వెంట్రుకలను.

కథ అయిపోయినాక బావ రెండు మాటలు అన్నాడు. మొదటిది: "చరిత్ర అంతా వేరైపోతే, అక్కడ కూడా అదే మనుషులు ఎలా పుడతారు? లాజిక్ లేదు." ఇది న్యాయమైన ప్రశ్న. నేను ఒప్పుకుంటాను. వందల ఏళ్ళు వేరే దారిలో నడిచిన లోకంలో అదే అమ్మకూ నాయనకూ అదే కిర్క్ పుట్టడం జరిగే పని కాదు. టీవీవాళ్ళకు అదే నటులు కావాలి కాబట్టి పుట్టించినారు.

రెండోది: "అయినా అదంతా డూప్లికేట్ లోకం. అసలు వాళ్ళు ఇంటికొచ్చేశారు, కథ అయిపోయింది. డూప్లికేట్‌గాళ్ళు ఏమైతే మనకేంటి?"

దీని మీదే నా పోరు. డూప్లికేట్ అని ఎవరు చెప్పినారు? కిర్క్ వెంట కెమెరా పోయింది కాబట్టి కిర్క్ లోకం అసలుది అయింది. కెమెరా గడ్డం స్పాక్ వెంట పోయి ఉంటే, ఖనిజం ఇవ్వము అన్నవాళ్ళకు నమస్కారం పెట్టి వెనక్కి తిరిగే వింత కెప్టెన్ ఉన్న లోకమే డూప్లికేట్ అనేవాళ్ళము. సైన్సు చదివే బావకు సైన్సే చెప్తాను. 1957లో హ్యూ ఎవరెట్ అనే ప్రిన్స్‌టన్ విద్యార్థి క్వాంటం భౌతికశాస్త్రానికి ఒక కొత్త అర్థం చెప్పినాడు. కొలిచినప్పుడు వచ్చే వీలున్న ఫలితాలన్నీ వస్తాయి, ఒక్కొక్కటి ఒక్కో కొమ్మలో, అన్నాడు. అది నిజమా కాదా అని పెద్దవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కానీ ఆ లెక్కలో ఏ కొమ్మ మీదా "ఇదే అసలు" అనే ముద్ర లేదు. ఏ కొమ్మ మీద కూర్చున్నవాడికి అదే చెట్టు.

సరిగ్గా అదే ఏడు, 1957లో, మనకు మాయాబజార్ వచ్చింది. ఈ మాట గుర్తు చేసింది మా అవ్వ. ఆమెకు ఇంగ్లీషు రాదు, నేను పక్కన కూర్చొని మాట మాటా చెప్తా ఉంటే వినింది. సగంలోనే "ఇది మాయాబజారే కదే" అనేసింది. అందులో ఘటోత్కచుడు శశిరేఖ వేషం వేసుకొని పెళ్ళిపీటల మీద కూర్చుంటాడు. సావిత్రి మొహమే, లోపల మాత్రం వేరే మనిషి. బావ మాటల్లో చెప్పాలంటే డూప్లికేట్ శశిరేఖ. ఆ డూప్లికేట్ పెళ్ళికొడుకు కాలు తొక్కితే మనం చప్పట్లు కొట్టినాము. మన సినిమా చూసేటప్పుడు వచ్చిన తెలివి అమెరికా సీరియల్ చూసేటప్పుడు ఎందుకు రాలేదో నాకు తెలియలేదు.

అవ్వ ఇంకొక మాట అడిగింది. ఆ రోజు ఏడుగురిలో ఆమె ఒక్కతే అడిగింది. "ఆ లోకంలో హాల్కన్లు ఏమైనారే? కాల్చేసినారా, ఇడిసిపెట్టినారా?"

ఎవ్వరి దగ్గరా జవాబు లేదు, ఎందుకంటే కథలో చెప్పలేదు. అందరి నోటా గడ్డం ముచ్చటే, ఊళ్ళు తగలబడతాయా అన్నది ఒక్కరికే తోచింది. నాకూ తోచలేదు, నిజం ఒప్పుకుంటున్నాను.

తర్వాత బాబాయి వెతికి చెప్పినాడు. 1994లో స్టార్ ట్రెక్‌లోనే ఇంకో సీరియల్, "డీప్ స్పేస్ నైన్", ఈ అద్దం లోకానికి మళ్ళీ పోయింది. గడ్డం స్పాక్ నిజంగానే ఆలోచించి, సామ్రాజ్యానికి పెద్ద అయి, దాన్ని శాంతి దారి పట్టించినాడట. అది మెత్తబడినాక క్లింగాన్లు, కార్డాసియన్లు కలిసి వచ్చి జయించి, భూమివాళ్ళను బానిసలు చేసినారట. బావ ఫోనులో "చూశావా, మంచికి పోతే అదే గతి" అన్నాడు. ఇట్లా అనేవాళ్ళు బావ ఒక్కడే కాదనుకుంటాను. అంతకు ముందు అదే భూమివాళ్ళు ఎన్ని గ్రహాలను బానిసలు చేసినారో ఆ లెక్క ఎవరూ వేయరు. మన మొహం ఉన్నవాడు కొడితే కథ, మన మొహం ఉన్నవాడు దెబ్బ తింటే అన్యాయం.

ఒక టీవీ కథకు ఈ పిల్లకు ఇంత కోపం ఎందుకని అడిగేవాళ్ళు ఉంటారు. చెప్తాను. బొరుగుల దగ్గరికి వస్తున్నాను.

టీవీ ఆపినాక అమ్మ "ఇంకొన్ని బొరుగులు ఏసేదా?" అని బావను అడిగింది. బావ నవ్వి, "అత్తా, వాటిని మరమరాలంటారు. ఎర్రగడ్డ కాదు, ఉల్లిపాయ. చూసినాము కాదు, చూశాం. మీది పారలల్ వరల్డ్ తెలుగు" అన్నాడు. అందరూ నవ్వినారు. నాయన నవ్వినాడు, నేనూ నవ్వినాను. జోకు బాగుంది మరి. తమ్ముడు ఒక్కడు నవ్వలేదు. వాడికి పదేళ్ళు. ఆ రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు అడిగినాడు: "అక్కా, మనది డూప్లికేట్ తెలుగా? అయితే నేను ఎందుకు చదివేది?"

మా హోసూరులో ఈ ప్రశ్న చిన్నది కాదు. తమిళం తప్పనిసరి పాఠం చేస్తూ 2006లో చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి మొదలై ఏడాదికో తరగతి పైకి ఎక్కింది. తమిళం మీద నాకు కోపం లేదు, అందులో నాకు తెలుగు కన్నా ఎక్కువ మార్కులే వస్తాయి, సంతలో బేరమూ తమిళంలోనే ఆడతాను. కానీ బడిలో తెలుగు ఉండాలంటే ఇంట్లోవాళ్ళు ఇది మాది అని పట్టుకొని ఉండాలి. వాళ్ళకే ఇది నకిలీ అని తోస్తే, ఏ చట్టమూ అక్కరలేదు, బెంచీలు వాటంతట అవే ఖాళీ అవుతాయి. మా తరగతిలో ఇప్పుడు పదహారు మందిమి.

అద్దం లోకాలు టీవీలోనే ఉంటాయని బావ అనుకుంటున్నాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956 నవంబరు 1న భాషల మీద రాష్ట్రాలు వచ్చినాయి. అప్పుడు మా అవ్వకు ఎనిమిదేళ్ళు, హోసూరు సేలం జిల్లాలో ఉండేది, మద్రాసు రాష్ట్రంలోనే నిలిచింది. అంతటితో గీతలు ఆగలేదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్ర నుంచి ఇటు వచ్చింది, సేలం, చెంగల్పట్టు జిల్లాల నుంచి కొన్ని పల్లెలు అటు పోయినాయి. ఆ పల్లెల్లో పిల్లలు ముందు రోజు రాత్రి ఒక రాష్ట్రంలో పడుకొని తెల్లారి ఇంకో రాష్ట్రంలో లేచినారు. తుఫాను లేదు, యంత్రం లేదు. గీత ఇంకొంచెం ఇటు జరిగి ఉంటే, ఇదే ఇంట్లో ఇదే అవ్వ ఇవే బొరుగులు వేయించి ఉంటుంది, బావ దాన్ని "చిత్తూరు యాస" అని ముద్దుగా అని ఉంటాడు. చిత్తూరులోనూ బొరుగులే, అనంతపురంలోనూ బొరుగులే. "చూసినాము" అనేవాళ్ళు గీతకు అటు లక్షల మంది ఉన్నారు. వాళ్ళది యాస, మాది డూప్లికేటా? ఇక్కడ "లాజిక్" ఎక్కడ పోయింది బావా?

ఇంకొకటి ఉంది, అత్త చదివితే తిడుతుంది, అయినా రాస్తాను. బావ వాళ్ళ అమ్మ, మా పెద్దత్త, ఈ ఇంట్లోనే పుట్టి పెరిగింది. పెళ్ళయి పోయేదాకా ఎర్రగడ్డే అనింది. ఇప్పుడు బావ ముందు ఉల్లిపాయ అంటుంది. వంటింట్లోకి పోయి అవ్వ పక్కన కూర్చుంటే పావుగంటలో ఎర్రగడ్డ వచ్చేస్తుంది. ఆ ఓడలో కిర్క్ తన మాట మార్చుకొని ఆ లోకపువాడిలాగా నటిస్తా ఉంటే నాకు అత్తే గుర్తొచ్చింది. కిర్క్ కొన్ని గంటలు నటించినాడు. అత్త ఇరవై మూడేళ్ళుగా నటిస్తోంది.

బావను తిట్టి నేను మంచిదాన్ని అయిపోను. కథ చివర మన స్పాక్, గడ్డం లేని స్పాక్, ఒక మాట అంటాడు. నాగరికులు అనాగరికుల వేషం వేయడం సులువు, వాళ్ళు నాగరికుల వేషం వేయడం కష్టం అన్న అర్థంలో అంటాడు. అంటే మన నలుగురు అక్కడ క్రూరులుగా బాగానే నడిచిపోయినారు, ఎవరికీ పెద్దగా అనుమానం రాలేదు. మా ఇంట్లో దానికీ నవ్వినారు. నాకు మాత్రం ఏడో తరగతి గుర్తొచ్చింది. కర్ణాటక పక్క పల్లె నుంచి ఒక అమ్మాయి మా బడిలో చేరింది. తెలుగు మాట్లాడేది కానీ మధ్యలో కన్నడం దొర్లేది. మేము ఆమె మాటను వెక్కిరించినాము. నేను ముందు వరసలో ఉన్నాను, ఆమెలాగా మాట్లాడి చూపించడం నాకు బాగా వచ్చు. ఎనిమిదిలో ఆమె రాలేదు. ఎందుకు రాలేదని నేను ఎవరినీ అడగలేదు.

ఇట్లాంటి సీరియళ్ళు పిల్లలను చెడగొడతాయని, కాలం వృథా అని అనే పెద్దలు మన బడిలోనూ ఉన్నారు. చెడగొట్టేది సీరియల్ కాదు, చూసినాక నోరు మూసుకొని పోవడం. యాభై నిమిషాలు చూస్తే యాభై నిమిషాలు కొట్లాడుకోవాలి. మన బడిలో ప్రొజెక్టర్ ఉంది, సంవత్సరానికి రెండుసార్లు బయటికి తీస్తారు. ఒక శనివారం ఈ కథ వేయండి, తెలుగులో చెప్పే పని నేను చేస్తాను, అవ్వకు చెప్పిన అనుభవం ఉంది. హాల్కన్ల గురించి ముందుగా ఎవరు అడుగుతారో చూద్దాము.

తమ్ముడికి ఆ రాత్రి నేను ఏమీ చెప్పలేకపోయినాను. మరుసటి వారం ఇంగ్లీషు మీడియం బడి దరఖాస్తు కాగితం ఇంటికి వచ్చింది. నాయన తెచ్చినాడు, తమ్ముడు అడిగినాడని. ఆ కాగితం టీవీ పక్కన, ల్యాప్‌టాప్ వైరు కింద ఉంది. ఇది రాస్తున్న రోజుకు సంతకం పడలేదు. నిన్న సాయంత్రం తమ్ముడు తన తెలుగు నోటుబుక్కు చివరి పేజీలో స్పాక్ బొమ్మ గీస్తా ఉండినాడు. గడ్డం పెట్టినాడు. కింద పేరు తెలుగులో రాసి, "సా"కు దీర్ఘం కింద ప వత్తు ఇట్లేనా అక్కా అని నాకు చూపించినాడు.